బేసిక్‌తో బ్యాంకు మార్పిడి

బ్యాంకు అనగానే చెక్కు పుస్తకమూ, కౌంటరు ముందు క్యూ గుర్తుకు రావడం సహజం. ఈ వ్యాసంలోని బ్యాంకుల్లో డబ్బు ఉండదు, జ్ఞాపకం ఉంటుంది. తొలినాటి చిన్న కంప్యూటర్లలో కొన్నింటికి మెమొరీని ముక్కలుగా అమర్చి, ఒక్కొక్క ముక్కకు బ్యాంకు అని పేరు పెట్టారు. ప్రాసెసరు ఒకసారి ఒక ముక్కతోనే వ్యవహరిస్తుంది. ఇంకొకటి కావలసివస్తే ఉన్నదానిని పక్కకు నెట్టి, రెండోదానిని ముందుకు తెచ్చుకుంటుంది. వినడానికి ఇంత సులువైన పనిని బేసిక్ భాషలో ఒకే ఒక్క లైనుతో చేయబోతే, రోజంతా కూర్చుని టైపు చేసినదంతా రెప్పపాటులో తుడిచిపెట్టుకుపోవచ్చు. ఎందుకు పోతుంది, పోకుండా ఎలా చేయాలి అన్నదే మన విషయం.

పాత యంత్రం గొడవ మనకెందుకు అని అడిగే మిత్రులకు ముందే ఒక మాట. మన దేశంలో ఎలక్ట్రానిక్సు చదివిన తరతరాల విద్యార్థులు 8085 కిట్టు ముందు కూర్చున్నవాళ్ళే. 'డి.ఐ.', 'ఇ.ఐ.' అనే రెండు ఆదేశాలను రికార్డు పుస్తకంలో అందంగా రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళే. కాని ఆ రెండూ నిజంగా దేనికి పనికొస్తాయో కిట్టు మీద ఎవరికీ అనుభవానికి రాదు. ఇక్కడ చెప్పబోయే యంత్రం గుండెకాయ అదే 8085. ఇందులో డి.ఐ. మరిచిపోతే ఏమవుతుందో చూస్తే ఆ ఆదేశం జన్మలో మరిచిపోరు.

యంత్రం సంగతి ముందు చూద్దాం. 1983లో జపాను కంపెనీ క్యోసెరా తయారుచేసిన ఒక చేతి కంప్యూటరును మూడు నాలుగు కంపెనీలు తమ తమ పేర్లతో, చిన్న చిన్న మార్పులతో అమ్మాయి. అమెరికాలో రేడియో షాక్ వారి టి.ఆర్.ఎస్.-80 మోడల్ 100, ఇటలీ వారి ఒలివెట్టి ఎం-10, ఎన్.ఇ.సి. వారి పి.సి. 8201-ఎ, ఇవన్నీ ఒక తల్లి పిల్లలే. పెద్ద సైజు నోటుపుస్తకమంత ఉంటుంది. వరసకు 40 అక్షరాల చొప్పున 8 వరసల ద్రవస్ఫటిక తెర, అసలు టైపు మిషను లాంటి కీబోర్డు, నాలుగు చిన్న టార్చిలైటు సెల్లులు. ఆ సెల్లులతో సుమారు 20 గంటలు పనిచేసేది. విలేఖరులు దీన్ని చంకలో పెట్టుకుని ఊళ్ళు తిరిగారు. లోపలి రోమ్‌లో ఉన్న బేసిక్, మైక్రోసాఫ్ట్ వారిది. బిల్ గేట్స్ తన చేత్తో ఎక్కువ భాగం రాసిన చివరి సరుకు ఈ మోడల్ 100 అని ఆయనే చెప్పుకున్నారు.

ఈ యంత్రాలలో డిస్కు లేదు. ఈ ముక్కను గట్టిగా గుర్తుంచుకోవాలి. మీరు రాసిన ఉత్తరమూ, ప్రోగ్రామూ అన్నీ ర్యామ్‌లోనే ఉంటాయి. స్విచ్చి ఆపినా లోపలి చిన్న నికెల్ కాడ్మియం బ్యాటరీ ఆ ర్యామ్‌ను బతికిస్తూ ఉంటుంది. క్యాసెట్టు టేపు మీదికి ఎక్కించుకోకపోతే ర్యామ్‌లో ఉన్నదే అసలూ, నకలూ. ర్యామ్ చెడితే రాసినది లేదు.

ఇక లెక్క. 8085కు చిరునామా తీగలు 16. రెండును 16 సార్లు హెచ్చవేస్తే 65,536. అంటే 64 కె. గదులు, 0 మొదలు 65535 దాకా వాటి నంబర్లు. అంతకు మించి ఒక్క గది కూడా దానికి కనపడదు. 8201-ఎ లో కింది సగం, అనగా 0 నుంచి 32767 వరకు, రోమ్‌ది. బేసిక్, టెక్స్ట్, టెల్కామ్ అనే మూడు ప్రోగ్రాములూ, వాటిని నడిపే సరంజామా అంతా అక్కడే ఉంటుంది. పై సగం, 32768 నుంచి 65535 వరకు, ర్యామ్‌ది. 32, 32 కలిసి 64. ఇల్లు నిండిపోయింది. ఇంకో 32 కె. ర్యామ్ కొని తెచ్చినా పెట్టడానికి చోటేదీ?

సురభి వారి నాటకం చూసినవాళ్ళకు దీని జవాబు వెంటనే తోస్తుంది. వేదిక ఒక్కటే. కాని వెనక తెరలు ఎన్నో. ఇప్పుడు రాజసభ, ఇంతలో అడవి, మరుక్షణం పాతాళలోకం. వేదిక పెరగలేదు, తెర మారింది. 8201-ఎ లో ఎన్.ఇ.సి. వాళ్ళు చేసినదీ అదే. యంత్రం లోపల 32 కె. చొప్పున రెండు ర్యామ్ బ్యాంకులకు చోటు పెట్టారు. మూడవది పక్కన తగిలించుకునే కార్ట్రిడ్జి. మొత్తం 96 కె. కొన్నప్పుడు వచ్చేది 16 కె. మాత్రమే, తక్కినది ఎవరి స్తోమతును బట్టి వారు చేర్చుకునేవారు. మెనూలో 'బ్యాంక్' అనే ఫంక్షన్ మీట ఉంటుంది. అది నొక్కితే మొదటి బ్యాంకు ఫైళ్ళ పట్టిక మాయమై రెండవ బ్యాంకు పట్టిక వస్తుంది. ఒకదానిలోని ఫైలు ఇంకొకదానికి తెలియదు. ఒకే పెట్టెలో కాపురముంటున్న మూడు వేర్వేరు కంప్యూటర్లు అనుకున్నా తప్పులేదు.

తెర మార్చే తాడు ఎక్కడుంది? 161వ నంబరు పోర్టులో. పోర్టు అంటే ప్రాసెసరు బయటి పరికరాలకు అంకెలు పంపే కిటికీ. ఆ కిటికీలోకి పంపిన అంకెలో చివరి రెండు బిట్లు కింది సగంలో ఏది కనపడాలో చెబుతాయి: 0 అయితే మామూలు రోమ్, 1 అయితే అదనంగా పెట్టుకున్న రోమ్, 2 అయితే రెండవ ర్యామ్, 3 అయితే మూడవ ర్యామ్. వాటి పక్క రెండు బిట్లు పై సగం సంగతి చూస్తాయి. అక్కడ మొదటి ర్యామ్‌కు 0, రెండవదానికి 8, మూడవదానికి 12 కలపాలి. కాబట్టి మామూలుగా పనిచేసేటప్పుడు ఆ పోర్టులో ఉండేది సున్న. 8 పంపితే కింద రోమ్, పైన రెండవ ర్యామ్. 2 పంపితే కింద రెండవ ర్యామ్, పైన మొదటి ర్యామ్. ఈ చివరిదాన్ని ఒక్క క్షణం ఆగి గమనించండి. ర్యామ్‌ను రోమ్ స్థానంలోకి కూడా తీసుకురావచ్చునన్నమాట. మన ఉపాయం అంతా దాని మీదే ఆధారపడింది.

బేసిక్‌లో పోర్టుకు అంకె పంపడానికి 'ఔట్' అనే ఆదేశం ఉంది. ఇంకేం, 'ఔట్ 161, 8' అని కొడితే రెండవ బ్యాంకుకు వెళ్ళిపోతాం గదా అనిపిస్తుంది. కొట్టారనుకోండి. ఏమవుతుందో మెల్లిగా చూద్దాం.

ఆ లైనును అర్థం చేసుకుని అమలుపరిచేది రోమ్‌లోని బేసిక్. పోర్టుకు 8 వెళుతుంది. పై సగం మారిపోతుంది. ప్రాసెసరు తరువాతి ఆదేశానికి వెళుతుంది. ఆ ఆదేశం దాదాపుగా 'రిటర్న్', అనగా పిలిచినవాడి దగ్గరికి తిరిగిపో. ఎక్కడికి తిరిగిపోవాలో స్టాక్‌లో రాసి ఉంటుంది. స్టాక్ ఉండేది ర్యామ్‌లో. ఆ ర్యామ్ ఇప్పుడు అది కాదు! చిరునామా అదే, గది నంబరు అదే, లోపలి సామాను వేరు. మీ బేసిక్ ప్రోగ్రామూ లేదు, దాని చరాంకాలూ లేవు, ఏ లైను దగ్గర ఉన్నామో చెప్పే గుర్తూ లేదు. రెండవ బ్యాంకులో ఆ చోట ఏ అంకె ఉంటే ఆ అంకెనే చిరునామా అనుకుని ప్రాసెసరు అక్కడికి దూకుతుంది.

మన కథలలోని పరకాయ ప్రవేశం ఇలాంటిదే. జీవుడు ఒక శరీరం వదిలి మరొక శరీరంలో దూరతాడు. కథలో ఆయన జ్ఞానం వెంట వెళుతుంది. ఇక్కడ వెంట వెళ్ళేది ప్రాసెసరు రిజిస్టర్లలో ఉన్న నాలుగు అంకెలు మాత్రమే. జ్ఞాపకమంతా పాత శరీరంలోనే ఉండిపోతుంది. మెనూలోని బ్యాంక్ మీట నొక్కినప్పుడు ఏ ప్రమాదమూ జరగకపోవడానికి కారణం, ఆ మార్పు చేసే ప్రోగ్రాము పూర్తిగా రోమ్‌లో ఉండడం, వెళ్ళిన చోట పాత స్టాక్‌ను నమ్ముకోకుండా కొత్త బ్యాంకు వ్యవహారాన్ని మెనూ దగ్గర నుంచి మొదలుపెట్టడం. అది తెలిసి చేసే ప్రవేశం. మన ఔట్ తెలియక చేసేది.

'ఔట్ 161, 2' కొడితే ఇంకా ఘోరం. అప్పుడు పోయేది ర్యామ్ కాదు, రోమ్. బేసిక్ తన కాళ్ళ కింద నేలనే లాగేసుకుంటుంది. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే ఇదే. రోమ్‌లోని తరువాతి ఆదేశం కోసం ప్రాసెసరు చూసేసరికి అక్కడ రోమ్ బదులు రెండవ బ్యాంకులోని ఏ ఉత్తరమో, ఏ పద్దుల జాబితానో ఉంటుంది. మోడల్ 100కు ర్యామ్ బ్యాంకులు లేకపోయినా ఈ ప్రమాదం మాత్రం ఉంది. దానిలో 232వ పోర్టుకు పంపే అంకె చివరి బిట్టు, మామూలు రోమ్‌ను అదనపు రోమ్‌తో మారుస్తుంది.

ఉత్తరాన్ని ఆదేశాలుగా చదివితే ఏమవుతుంది? ఏమీ కాదులే, ఆగిపోతుంది, మళ్ళీ స్విచ్చి వేసుకుంటాం అనుకుంటారు చాలామంది. అక్షరాల అంకెలనూ, 8085 ఆదేశాల అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే గాని అసలు విషయం బోధపడదు. ఇంగ్లీషు పెద్ద అక్షరం 'ఎ' అంకె 65. 8085కు 65 అంటే సి రిజిస్టరులోనిది బి లోకి తీసుకెళ్ళు అని. దీనివల్ల పెద్ద నష్టం లేదు. మాటకూ మాటకూ మధ్య ఉంచే ఖాళీ 32. అది 'రిమ్' అనే ఆదేశం, అదీ అమాయకమే. చిన్న అక్షరాలలో 'వి' అంకె 118. అది 'హాల్ట్'. అక్కడికి వస్తే యంత్రం బిగుసుకుపోతుంది. ఇక చిన్న అక్షరాల పి, క్యూ, ఆర్, ఎస్, టి, యు, డబ్ల్యు ఉన్నాయి చూశారూ, 112 నుంచి 119 దాకా ఒక్క 118 తప్ప, అవన్నీ మెమొరీలో రాయి అనే ఆదేశాలు. ఎక్కడ రాయాలి? హెచ్, ఎల్ అనే జంట రిజిస్టర్లలో ఆ నిమిషానికి ఏ చిరునామా ఉంటే అక్కడ. ఇంగ్లీషు ఉత్తరంలో ఆర్, ఎస్, టి లేని వాక్యం ఎంత అరుదో ఆలోచించండి. సుమారు నాలుగు అక్షరాలకు ఒకసారి మీ ర్యామ్‌లో ఎక్కడో ఒకచోట ఏదో ఒక అంకె పడుతూనే ఉంటుంది. ఫైళ్ళ పట్టికలో పడిందా, అంతే సంగతులు. మీ ఉత్తరమే మీ ఉత్తరాలను చెరిపేసిందన్నమాట.

కాబట్టి బేసిక్ నేరుగా ఈ తాడు పట్టుకోకూడదు. కాని బేసిక్ చేత ఒక చిన్న నౌకరును తయారుచేయించి, వాడిని పంపించవచ్చు. నౌకరు అంటే నాలుగు ముక్కల యంత్రభాష. వాడు నిలబడే చోటు మాత్రం తెర మీద కాకుండా వేదిక మీద ఉండాలి. కింది సగం మారుస్తాం కనుక వాడు పై సగంలో ఉండాలి. పై సగం మారదు కనుక స్టాక్ కూడా క్షేమం. వాడు చేయవలసినది ఇది: ఇంటరప్టులు ఆపు. రోమ్ తీసి రెండవ ర్యామ్‌ను కిందికి తీసుకురా. అడిగిన గదిలోని అంకె చదువు. రోమ్‌ను వెనక్కి పెట్టు. అంకెను మనకు కనపడే చోట ఉంచు. ఇంటరప్టులు వదులు. తిరిగి రా.

మొత్తం 18 అంకెలు. వరసగా రాస్తున్నాను:

243, 62, 2, 211, 161, 58, 0, 0, 71, 175, 211, 161, 120, 50, 116, 234, 251, 201.

దీనిని 60000వ గది నుంచి పెడదాం. బేసిక్ మన జోలికి రాకుండా ముందుగా 'క్లియర్ 256, 60000' అని చెప్పాలి. 60000కు పైన ఉన్నది నాది, నువ్వు ముట్టుకోకు అని అర్థం. తరువాత ఈ 18 అంకెలను డేటా లైనులో రాసి, రీడ్‌తో ఒక్కొక్కటే చదివి, 'పోక్' ఆదేశంతో 60000 నుంచి 60017 వరకు నింపాలి. అంకెల అర్థాలు కిట్టు మీద పనిచేసినవాళ్ళు ఈసరికే పోల్చుకుని ఉంటారు. 243 అంటే డి.ఐ. 62, 2 అంటే ఎ రిజిస్టరులో 2 వేయి. 211, 161 అంటే దానిని 161వ పోర్టుకు పంపు. 58 అంటే దాని వెనక ఉన్న రెండు అంకెలు చెప్పే గది నుంచి చదువు. 71 దానిని బి లో దాస్తుంది. 175 ఎ ని సున్న చేస్తుంది, 211, 161 ఆ సున్నను పోర్టుకు పంపి రోమ్‌ను యథాస్థానానికి తెస్తుంది. 120 దాచినదాన్ని మళ్ళీ ఎ లోకి తెస్తుంది. 50, 116, 234 దానిని 60020వ గదిలో రాస్తుంది (234ను 256తో హెచ్చవేసి 116 కలిపితే 60020). 251 ఇ.ఐ., 201 రిటర్న్.

ఏ గది చదవాలో చెప్పే రెండు సున్నలు 60006, 60007 గదులలో ఉన్నాయి. పిలిచే ముందు ప్రతిసారీ అక్కడ అసలు చిరునామా పెట్టాలి. ఉదాహరణకు రెండవ బ్యాంకు తనంతట తాను పనిచేసేటప్పుడు 40000 అనుకునే గది, కిందికి వచ్చినప్పుడు 32768 తగ్గి 7232 అవుతుంది. 7232ను 256తో భాగిస్తే 28 సార్లు, మిగిలింది 64. మిగిలిన 64ను 60006లో, 28ని 60007లో వేయాలి. చిన్న భాగం ముందు, పెద్ద భాగం వెనక. ఈ కంపెనీ చిప్పుల ఆచారం అది. తరువాత 'ఎగ్జెక్ 60000' అంటే నౌకరు వెళ్ళి వస్తాడు. మోడల్ 100 బేసిక్‌లో దీనికి 'కాల్' అంటారు, ఎన్.ఇ.సి. వారి బేసిక్‌లో 'ఎగ్జెక్'. వచ్చిన జవాబు 'పీక్ 60020'లో ఉంటుంది.

ఇప్పుడు ఆ డి.ఐ. సంగతి. ఈ యంత్రాలలో గడియారపు చిప్పు సెకనుకు సుమారు 250 సార్లు ప్రాసెసరు భుజం తడుతుంది. తట్టినప్పుడల్లా చేతిలో పని ఆపి 60వ గదికి వెళ్ళి అక్కడి ఆదేశం ప్రకారం నడవాలి. కీబోర్డు మీద ఎవరైనా మీట నొక్కారా అని చూసేది ఆ సమయంలోనే. మామూలుగా 60వ గది రోమ్‌లో ఉంటుంది. రోమ్ తీసేసిన క్షణంలో తడితే? ఆ క్షణంలో 60వ గది అంటే రెండవ బ్యాంకులోని 32828వ గది. అక్కడ ఏ ఉత్తరంలోని ఏ అక్షరం ఉందో ఎవరికెరుక!

రోమ్ లేకుండా ఉండే కాలం ఎంతో లెక్క కట్టవచ్చు. చదవడానికి 13 గడియారపు టిక్కులు, దాచడానికి 4, సున్న చేయడానికి 4, తిరిగి పంపడానికి 10, మొత్తం 31. సెకనుకు దాదాపు 24,57,600 టిక్కుల వేగం మీద అది 13 మైక్రోసెకండ్లకు లోపే. గడియారం తట్టేది సుమారు 3,900 మైక్రోసెకండ్లకు ఒకసారి. భాగించి చూడండి, డి.ఐ. లేకపోతే 300 సార్లలో ఒక్కసారి మాత్రమే కొంప మునుగుతుంది. చిత్రమేమంటే అసలు ప్రమాదం ఇలాంటి అంకెలలోనే ఉంది. రెండుసార్లకు ఒకసారి చెడే ప్రోగ్రామును మనం వెంటనే సరిచేసుకుంటాం. 300 సార్లకు ఒకసారి చెడేది పది పరీక్షలూ నెగ్గి, మిత్రుడికి చూపించేటప్పుడు చస్తుంది. పైగా ఒక బ్యాంకంతా చదవాలంటే 32,768 సార్లు పిలవాలి. అప్పుడు చావడం అనుమానమే లేదు.

డి.ఐ. ఉన్నంతసేపూ గడియారం తట్టినది వృథా పోదు. 8085లో ఆ ఇంటరప్టుకు, దాని పేరు ఆర్.ఎస్.టి. 7.5, ఒక చిన్న గుర్తు పెట్టుకునే ఏర్పాటు ఉంది. తలుపు తెరవగానే వచ్చినవాడిని లోపలికి పంపుతుంది. ఇంకో చక్కని ఏర్పాటు కూడా ఉంది: ఇ.ఐ. చెప్పిన వెంటనే తలుపు తెరుచుకోదు, దాని తరువాతి ఒక్క ఆదేశం పూర్తయ్యాకే తెరుచుకుంటుంది. మన నౌకరు చివర ఇ.ఐ., దాని వెనకే రిటర్న్ ఉన్నాయి గనుక వాడు ఇల్లు చేరాకే గడియారం వాడిని పట్టుకుంటుంది. ఈ చిప్పును 1976లో రూపొందించిన ఇంటెల్ వారు ఇలాంటి చోట్ల బుర్ర పెట్టి పనిచేశారని ఒప్పుకోవాలి.

డి.ఐ.కి లొంగని ఇంటరప్టు ఒకటుంది, దాని పేరు ట్రాప్. మోడల్ 100లో దానిని బ్యాటరీ నీరసించినప్పుడు హెచ్చరించడానికి వాడారు. కాబట్టి సెల్లులు చివరి దశలో ఉన్నప్పుడు ఇలాంటి విద్యలు ప్రదర్శించకపోవడం మంచిది.

చదవడం వచ్చింది కనుక ఇప్పుడు పనికొచ్చే పని ఒకటి చేద్దాం. రెండవ బ్యాంకులో ఉన్న ఒక ఉత్తరాన్ని మొదటి బ్యాంకులోకి తెచ్చుకోవాలి. ఆ ఉత్తరం ఏ గదిలో మొదలవుతుందో మనకు తెలియదు. అందుకని రెండవ బ్యాంకులో ఉన్నప్పుడే దాని మొదట్లో మూడు నక్షత్రపు గుర్తులు కొట్టి పెట్టుకోవాలి. నక్షత్రం అంకె 42. తరువాత మొదటి బ్యాంకుకు వచ్చి, 0వ గది నుంచి ఒక్కొక్కటే చదువుతూ వరుసగా మూడు 42లు దొరికేదాకా పోవాలి. అక్కడి నుంచి 26 అనే అంకె తగిలేదాకా వచ్చిన ప్రతి అంకెనూ అక్షరంగా మార్చి, మొదటి బ్యాంకులో తెరిచిన కొత్త ఫైలులోకి వేయాలి. 26 ఎందుకంటే ఈ యంత్రాలలో టెక్స్ట్ ఫైలు ఎక్కడ ముగిసిందో చెప్పే గుర్తు అది. బేసిక్‌లో ఈ వెతుకులాట నిమిషాల మీద నిమిషాలు తీసుకుంటుంది. కాఫీ తాగి రావచ్చు. తొందర ఉన్నవాళ్ళు ఆ వెతికే పని కూడా యంత్రభాషలో రాసుకోవచ్చుగాని, అప్పుడు బేసిక్‌తో అన్న మన శీర్షిక అబద్ధమవుతుంది.

రెండవ బ్యాంకులో రాయడం కూడా ఇదే పద్ధతి. 58కి బదులు 50, అంకెను ముందే బి లో పెట్టుకుని రాసే ముందు ఎ లోకి తెచ్చుకోవడం, అంతే తేడా. కాని అది చేయవద్దనే నా సలహా. చదవడంలో పొరపాటు జరిగితే తప్పు అక్షరం వస్తుంది. రాయడంలో పొరపాటు జరిగితే ఆ బ్యాంకు ఫైళ్ళ పట్టికే చెడుతుంది, అదీ మీరు ఆ బ్యాంకుకు వెళ్ళేదాకా తెలియదు.

మరొక చిక్కు గమనించారా? కిందికి తీసుకురాగలిగినవి రెండవ, మూడవ ర్యామ్‌లే. మొదటి ర్యామ్‌ను కిందికి తెచ్చే అంకె ఆ పోర్టులో లేనే లేదు. అందుచేత మొదటి బ్యాంకులో కూర్చుని తక్కిన రెండింటినీ చూడవచ్చు. రెండవదానిలో కూర్చుని మూడవదానిని చూడవచ్చు (అప్పుడు 2కు బదులు 11, సున్నకు బదులు 8 పంపాలి). మొదటిదాన్ని మాత్రం ఎవరూ ఈ దారిన చూడలేరు. పెద్దన్నకు తమ్ముళ్ళ గదులు కనపడతాయి, తమ్ముళ్ళకు పెద్దన్న గది కనపడదు. కాబట్టి ఇలాంటి ప్రోగ్రాములు ఎప్పుడూ మొదటి బ్యాంకులో ఉంచుకోవడమే తెలివి.

ఈ కుటుంబంలోనే 1984లో వచ్చిన టాండీ 200లో కథ వేరు. దానికి 16 వరసల మడత తెర. ర్యామ్ 24 కె. చొప్పున మూడు బ్యాంకులు, మొత్తం 72 కె. మార్చే పోర్టు 216. ఇందులో కింద 40 కె. ఎప్పుడూ రోమ్‌లదే, ర్యామ్ బ్యాంకులు మూడూ పైన ఒకే చోట వంతులవారీగా రావలసిందే. అంటే మన నౌకరు నిలబడడానికి మారని ర్యామ్ అంటూ లేదు. బ్యాంకు మార్చిన క్షణంలో వాడే మాయమవుతాడు. దీనికి ఉపాయం కవలలు. రెండు బ్యాంకులలోనూ అదే చిరునామాలో అదే ప్రోగ్రామును అక్షరం పొల్లు పోకుండా ముందే పెట్టుకోవాలి. మొదటివాడు తాడు లాగి మాయమవగానే, సరిగ్గా తరువాతి ఆదేశం దగ్గర రెండవవాడు ప్రత్యక్షమై, అంకె చదివి రిజిస్టరులో పెట్టుకుని మళ్ళీ తాడు లాగుతాడు. ప్రాసెసరుకు మనిషి మారిన సంగతే తెలియదు. మధ్యలో స్టాక్‌ను తాకకూడదు, అంతే నియమం. నాకు ఎన్.ఇ.సి. పద్ధతి కంటే ఇదే ముచ్చటగా కనిపిస్తుంది, కాస్త కష్టమైనా.

ఈ విద్య ఈ యంత్రాలతో ఆగలేదు. 1985లో ఐ.బి.ఎం. తరహా పి.సి.లకు వచ్చిన ఎక్స్‌పాండెడ్ మెమొరీ, 16 కె. ముక్కలను 64 కె. కిటికీలోంచి చూపించడమే. నింటెండో గేమ్ బాయ్ కార్ట్రిడ్జీలలో పెద్ద ఆటలు ఇమిడింది ఈ దారినే.

అసలు యంత్రం దొరకడం మన దగ్గర కష్టం. 'వర్చువల్ టి' అనే ఉచిత ప్రోగ్రాము మామూలు కంప్యూటరు మీద ఈ కుటుంబమంతటినీ, 8201-ఎ తో సహా, నటించి చూపిస్తుంది. అక్కడ ఉత్తరం పోతే పోయింది గనుక 'ఔట్ 161, 2' కూడా ఒకసారి కొట్టి ఏమవుతుందో కళ్ళారా చూడవచ్చు. అసలు యంత్రం మీద ప్రయత్నించేవాళ్ళు మాత్రం ముందు ఫైళ్ళన్నీ బయటికి ఎక్కించుకుని, ఆ 18 అంకెలలో మూడవదైన 2కు బదులు 0 పెట్టి నడపండి. అప్పుడు తెర మారదు. నౌకరు రోమ్‌నే చదివి వస్తాడు. వాడు తెచ్చిన అంకె, అదే గదికి బేసిక్ పీక్ ఇచ్చే అంకె ఒకటేనా అని ఒక పాతిక గదులకు సరిచూడండి. అన్నీ సరిపోతే ఆ సున్నను 2 చేయండి.